ఏడో తప్పు

"ఈ కాగితం రాసింది మీరే. మీరూ, మీలాంటి పెద్దలూ కలిసి నలభై ఏళ్ళు పిల్లల నోళ్ళు కుట్టేశారు. ఆ కుట్లు నేను ఒక్కొక్కటే విప్పుతుంటే చూడలేకపోయారు. అవునా కాదా మామయ్యా?"

టీచరమ్మ కాగితాన్ని బల్ల మీద పెట్టలేదు, పడేసింది. అది జారుకుంటూ వెళ్ళి టీ గ్లాసుకు తగిలి ఆగింది.

పెద్దమాస్టారు గ్లాసు పక్కకు జరిపారు, కాగితం తడవకుండా. ఆయన రాశారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఎవరి బిడ్డ వాళ్ళకు ముద్దు.

కింద సంతకం లేదు. "ఒక శ్రేయోభిలాషి" అని ఉంది. నిన్న సాయంత్రం స్కూల్లో పెద్దమేడం జిరాక్సు కాపీ చేతికిచ్చినప్పుడు ఎవరా శ్రేయోభిలాషి అని టీచరమ్మ బుర్ర బద్దలు కొట్టుకోబోయింది. ఆ అవసరం లేకపోయింది. మూడో వరుసలోనే "మఱియు" అని కనబడింది. బండి ఱతో. ఈ రోజుల్లో "మరియు"కు బండి ఱ పెట్టి రాసే మనిషి ఊరు మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరి ఇంట్లోనే ఆమె ఎనిమిదేళ్ళుగా కోడలు.

"రాశాను," అన్నారు పెద్దమాస్టారు. "కలప డిపో ఆయన వచ్చి ఫోనులో నీ గొంతు వినిపించాడు. విన్నది విన్నట్టు రాశాను. కొమ్ము తక్కువ లేదు, దీర్ఘం ఎక్కువ లేదు."

"సంతకం మాత్రం తక్కువైంది."

ఆయన టీ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగారు.

వంటింటి గుమ్మంలో అత్తగారు గరిటె పట్టుకుని నిలబడింది. లోపలికి వెళ్తే వినబడదు, బయటికొస్తే ఎవరో ఒకరి పక్షం తీసుకోవాలి. అందుకని గుమ్మమే నయమనుకుంది. టీచరమ్మ భర్త, నీటి సరఫరా ఆఫీసులో పైపుల నమూనాలు గీసే మనిషి, ప్లేటులోకి వంచిన తల ఎత్తలేదు. ఊరంతటి గొట్టాలూ ఎక్కడ కలుస్తాయో చెప్పగలడు గాని, సొంత ఇంట్లో రెండు మాటలు ఎక్కడ కలపాలో తెలియదు పాపం.

"సంతకం పెట్టేస్తే పోతుంది కదా," అన్నాడు చివరికి, ప్లేటుతోనే చెబుతున్నట్టు. "పెద్దమేడం టైపు చేయించి ఇచ్చారుగా. 'పొరపాటు జరిగింది, గ్రూపు తీసేస్తున్నాను' అని. ఒక్క సంతకం. పదిన్నరకు మీటింగు, పదకొండుకు ఇంటికి."

"ఒక్క సంతకమే. ఉరితాడుకు కూడా ఒక్క ముడే ఉంటుంది."

"సంతకం పెట్టకపోతే పదో తరగతి నీ చేతిలోంచి లాగేస్తామంటున్నారు. రికార్డుల గదిలో కూర్చోబెడతామంటున్నారు. పాత రిజిస్టర్లకు సైన్సు చెబుతావా?"

ఉన్న మాట అదే. పదిన్నరకు స్కూలు కమిటీ కూర్చుంటుంది. సంతకం పెడితే "తప్పుల గది" మూత పడుతుంది. పెట్టకపోతే ముప్పై ఎనిమిది మంది పిల్లలకు ఆమె టీచరు కాకుండా పోతుంది.

"తప్పుల గది" అంటే నాలుగు గోడల గది కాదు. ఫోనులో పదో తరగతి పిల్లల గ్రూపు. రోజూ పొద్దున ఏడింటికి టీచరమ్మ అందులో ఒక తప్పు మాట పలికి పంపుతుంది. తడబడుతూ కాదు, పాఠం చెప్పినంత ధీమాగా. "పిల్లలూ, చంద్రుడు పగలు కనిపించడు." "పిల్లలూ, మొక్కలు మట్టిని తిని పెరుగుతాయి." చీకటి పడేలోగా పిల్లలు ఆ తప్పును పట్టుకోవాలి. పుస్తకంలో ఉందంటే చెల్లదు. ఇంట్లోనో వీధిలోనో చేసి చూసి, ఫోటోనో వీడియోనో పెట్టాలి. వాళ్ళు చేసిన తప్పులు కూడా దాచుకోకుండా అందులోనే పెట్టాలి. గదిలోకి రావాలంటే ముందు ఒక తప్పు పెట్టి రావాలి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు.

మూడు నెలల కిందట ఆ తరగతి ఎలా ఉండేది? "అర్థమైందా" అంటే ముప్పై ఎనిమిది తలలూ ఒకేసారి ఊగేవి. ఏమీ అర్థం కాలేదనడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. ఇప్పుడో? తలలూపడం మానేసి తగువుకొస్తున్నారు.

కలప డిపో ఆయన స్కూలు కమిటీకి అధ్యక్షుడు. కూతురు పదో తరగతి. ఆ పిల్ల ఫోను తీసి, టీచరమ్మ పంపిన మాటలు మాత్రం వరసగా విన్నాడు. కింద పిల్లలు పెట్టినవి వినలేదు. అంత తీరిక ఎక్కడిది? చెట్టును పైనుంచి కిందిదాకా చూడకుండా మొద్దు కొలిచే అలవాటు.

"పలక మీద పడ్డ తప్పు పిల్లవాడి కంట్లో పడుతుందమ్మాయ్," అన్నారు పెద్దమాస్టారు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు, ఎదుటివాళ్ళు తగ్గించుకుంటారు. "కంట్లో నలుసు తీయడానికి ఏళ్ళు పడుతుంది. నలభై ఏళ్ళు తెలుగు చెప్పాను. బోర్డు మీద ఒక్క తప్పు రాయలేదు. నువ్వు రోజుకొక తప్పు గొంతెత్తి చెబుతున్నావు. అదీ ఫోనులో. గాలికి పోయేది కాదు, నిలిచిపోయేది. కోడలివని కళ్ళు మూసుకోమంటావా?"

"మీరు బోర్డు మీద తప్పు రాయలేదు, నిజమే. తప్పు రాసినవాణ్ణి బెంచీ ఎక్కించారు. వాడు మళ్ళీ చెయ్యెత్తలేదు. తప్పు పోయిందనుకున్నారు మీరు. అది లోపలికెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. కావాలంటే మీ అబ్బాయినే అడగండి."

ప్లేటులో భర్త చెయ్యి ఆగింది.

ఆ మాట అనకూడదనుకుంటూనే ఎనిమిదేళ్ళు గడిపింది. ఇవాళ అనేసింది.

"'ఆశీర్వాదం'," అన్నాడు భర్త. "ఏడో తరగతిలో. ద కి వత్తు పెట్టాను. రెండు పీరియడ్లు బెంచీ మీద నిలబెట్టారు నాన్న. క్లాసంతా చూస్తుండగా." చేయి కడుక్కోవడానికి లేచాడు. "ఆశీర్వాదం గట్టిగానే అందింది. ఇప్పటికీ ఆఫీసులో ఏదైనా రాయాలంటే పక్కవాడికి చూపించి గాని పంపను."

పెద్దమాస్టారి మెడకు ఉన్ని మఫ్లర్ చుట్టి ఉంది. గొంతు పాడైనప్పటి నుంచి ఏ కాలమైనా అది తీయరు. దాని కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు.

"బాగుంది," అంది అత్తగారు గుమ్మంలోంచి. "మావా కోడలూ ఇద్దరూ మాస్టర్లే. నడుమ తల్లీ కొడుకులమే ఫెయిలయింది."

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

టీచరమ్మ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నిన్నటి నుంచి ఆ రాత మీద కోపమే గాని, రాసిందేమిటో నింపాదిగా చదవనే లేదు. ఇప్పుడు చదువుదామనుకుంది, ముఖం మీదే, ఒక్కొక్కటీ.

"ఒకటి. చంద్రుడు పగటివేళ కానరాడని చెప్పుట. రెండు. బరువైన రాయి ముందుగా నేలను తాకునని చెప్పుట. మూడు. మొక్కలు మట్టిని భుజించునని చెప్పుట..."

నాలుగు, అయిదు, ఆరు. అన్నీ తను పలికినవే. పిల్లలు పట్టుకున్నవే.

ఏడు దగ్గర నోరు ఆగిపోయింది.

"మంచుగడ్డకు ఉన్ని దుప్పటి చుట్టినచో ఆలస్యముగా కరుగునని ఒక బాలికచే పలికించి, వీడియో తీయించి, మఱియు మెచ్చుకొనుట."

ఆమె మళ్ళీ చదివింది, పెదవులు కదలకుండా.

ఇది తను చెప్పిన తప్పు కాదు. తను చెప్పింది, "దుప్పటి మనకు వేడి ఇస్తుంది" అని. ఒక పిల్ల దాన్ని పట్టుకుంది. వాళ్ళమ్మ కుట్టుమిషను బల్ల మీద రెండు గ్లాసుల్లో ఐసు పెట్టి, ఒకదానికి దుప్పటి చుట్టి, గంటసేపు కాపలా కాసి, దుప్పటిలోని ఐసే నిలిచిందని చూపించింది. ఆ వీడియోను టీచరమ్మ మెచ్చుకోవడం డిపో ఆయన చెవిన పడింది. పన్నెండు తప్పుల జాబితాలో అదొక్కటే నిజం. దాన్ని పట్టుకుని పెద్దమాస్టారు, నలభై ఏళ్ళలో ఒక్క తప్పు రాయని చేత్తో, తప్పుల్లో కలిపి రాసేశారు.

"ఏం, ఆగిపోయావేం?" అన్నారాయన. "చదువు. పన్నెండున్నాయి. అందులో నేను రాసినదాంట్లో ఒక్క తప్పు చూపించు, నా చేత్తో నేనే ఆ కాగితం చించేస్తాను."

చెప్పేయొచ్చు. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఇక్కడ చెబితే ఏమవుతుంది? మామా కోడళ్ళ గొడవ చల్లారుతుంది. ఆ కాగితం మాత్రం కమిటీ బల్ల మీద అలాగే పడి ఉంటుంది.

"రాసింది అక్కడికి చేరింది మామయ్యా," అంది కాగితం మడుస్తూ. "చూపించేది కూడా అక్కడే చూపిస్తాను. మీరూ రండి. ఆ మాట మీద ఉండండి."

"నేను మాట మీద లేనిది ఎప్పుడు?"

ఆమె వంటింట్లోకి నడిచింది. "అత్తయ్యా, ఫ్రిజ్‌లో ఐసు ట్రే నిండా ఉందా?"

అత్తగారు ముఖంలోకి చూసింది. ఏమిటీ ఎందుకూ అనలేదు. ట్రే తీసి, గట్టుకేసి ఒక్క దెబ్బ కొట్టి, ముక్కలన్నీ ఫ్లాస్కులో వేసి మూత బిగించింది.

"ఏం చేస్తావో చెయ్యి. ఫ్లాస్కు మాత్రం జాగ్రత్తగా తిరిగి తీసుకురా," అంది.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల. వెనక అద్దాల బీరువాలో ఎప్పుడో ఎవరో గెలిచిన కప్పులు. నడినెత్తిన ఫ్యాను. బల్లకు ఆ పక్క డిపో ఆయన, ఆయనకు కుడివైపు మందుల షాపు మెంబరు. ఈ మెంబరు పని ఒకటే, డిపో ఆయన మాట పూర్తి కాకముందే తలూపడం. ఎడమవైపు పెద్దమేడం, ముందర మినిట్స్ పుస్తకం. ముఖం చూస్తే తలనొప్పి మాత్ర వేసుకుని వచ్చినట్టుంది. గోడవారన బెంచీ మీద పిల్లల తల్లిదండ్రులు ఓ పదిమంది. వాళ్ళలో కుట్టుమిషనామె, పక్కనే ఆమె కూతురు. ఆ పిల్లను క్లాసులో అందరూ "నస" అంటారు. ఆ పిల్ల కూడా ఆ పేరుకే పలుకుతుంది.

పెద్దమాస్టారికి ముందువరసలో విడిగా కుర్చీ వేశారు. డిపో ఆయన చదువుకున్నది ఆయన దగ్గరే మరి.

"టీచరమ్మా, ఎక్కువ మాటలొద్దు," అన్నాడు డిపో ఆయన, టైపు చేసిన కాగితం ముందుకు తోస్తూ. "మీరు మంచివాళ్ళే. ఏదో ఫోను మోజులో జరిగింది. ఇక్కడ సంతకం పెట్టండి, గ్రూపు తీసేయండి, టీ తాగి క్లాసుకెళ్ళండి."

తలూపే మెంబరు తలూపాడు.

"పెట్టేముందు ఒక్కటి సార్. ఫిర్యాదులో ఏడోది పైకి చదవండి."

"అన్నీ మేం చదివాం."

"పైకి చదవండి. అందరూ విననీ."

డిపో ఆయన విసుక్కుంటూ చదివాడు. మంచుగడ్డ, ఉన్ని దుప్పటి, ఆలస్యముగా కరుగునని. బెంచీ మీద ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయనకు హుషారొచ్చింది.

"దుప్పటి కప్పుకుంటే వెచ్చగా ఉంటుందా, చల్లగా ఉంటుందా? మూడేళ్ళ పిల్లనడగండి చెబుతుంది. పదో తరగతి సైన్సు టీచరుకు తెలియదట. మంచుకు జలుబు చేస్తుందేమో, మాత్రలు కూడా వేస్తారా?"

గది గొల్లుమంది. కుట్టుమిషనామె మాత్రం నవ్వలేదు. నస నోరు తెరవబోతే తల్లి తొడ మీద గిల్లింది.

"ఇది మీకు తప్పుగానే కనిపిస్తోందా సార్?"

"నాకే కాదు. మాస్టారికీ తప్పే. అవునా మాస్టారూ?"

"వెచ్చనిది చుడితే మంచు కరుగుతుంది," అన్నారు పెద్దమాస్టారు. "అందులో సందేహం ఏముంది?"

టీచరమ్మ సంచిలోంచి రెండు స్టీలు గ్లాసులు తీసి బల్ల మీద పెట్టింది. ఫ్లాస్కు మూత తీసింది. ఈ గ్లాసులో మూడు ముక్కలు, ఆ గ్లాసులో మూడు. అందరికీ లెక్క కనబడేలా వేసింది.

"చేసి చూద్దాం. చుట్టడానికి ఏదైనా ఉన్నిది కావాలి. నాది వద్దు, అందులో మతలబు ఉందంటారు."

ఎవరి దగ్గరా లేదు. ఒక్కరి మెడకే ఉంది.

పెద్దమాస్టారు కోడలి ముఖంలోకి చూశారు. నెమ్మదిగా మఫ్లర్ విప్పారు. మడతలు పడ్డ ఆయన మెడ గొంతు పాడైనప్పటి నుంచి నలుగురిలో కనిపించడం అదే మొదటిసారి. టీచరమ్మ దాన్ని రెండు చేతులా అందుకుని, ఒక గ్లాసుకు అడుగు నుంచి మూతి దాకా చుట్టేసింది. రెండోది అలాగే వదిలేసింది.

"ఎంతసేపు ఈ తమాషా?" అన్నాడు డిపో ఆయన.

"నలభై నిమిషాలు. ఈలోగా మిగతా పదకొండు చూద్దాం. అవి నా తప్పులే, కాదనను."

"ఫ్యాను పెంచండి," అన్నాడు డిపో ఆయన దర్పంగా. "తొందరగా తేలిపోతుంది."

తన గోతికి తనే పార తెచ్చుకోవడమంటే అదే. ఫ్యాను గిరగిరా తిరిగి, విప్పి ఉన్న గ్లాసు మీదికి గదిలోని వెచ్చటి గాలినంతా తోసింది.

"ఒకటి, చంద్రుడు పగలు కనిపించడనడం," అంది టీచరమ్మ. "నేను పొద్దున ఏడింటికి చెప్పాను. దాన్ని ఎవరు పట్టుకున్నారో వినండి."

ఫోను బల్ల మధ్యలో పెట్టి వేలితో నొక్కింది. ఒక ఆడపిల్ల గొంతు, పరుగెత్తి వచ్చినట్టు ఆయాసంతో.

"మేడం, ఇది తప్పు. టైము ఎనిమిదింపావు. మా డిపో కప్పు మీద చంద్రుడున్నాడు, తెల్లగా, సగం అరిగిపోయిన సబ్బులాగా. ఫోటో పెట్టాను చూడండి. నాన్నను కూడా పిలిచాను మేడం చూడమని. పనుంది పొమ్మన్నాడు."

డిపో ఆయన చేయి ఫోను మీదికి వెళ్ళి, మధ్యలో ఆగింది.

"ఇది... మా అమ్మాయా?"

"మీ అమ్మాయే సార్. మూడు నెలల కిందట క్లాసులో పేరు పిలిస్తే కూడా లేచేది కాదు. ఇప్పటికి తొమ్మిది తప్పులు పట్టింది. క్లాసులో ఎక్కువ పట్టిన వాళ్ళలో రెండోది."

"మొదటిది నేను," అంది నస, గిల్లినా ఆగకుండా.

తలూపే మెంబరుకు ఎటు ఊపాలో తెలియలేదు.

ఆ తరువాత టీచరమ్మ మాట్లాడనక్కర్లేకపోయింది. నస బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. రెండోది ఎవరు మేడ మీదినుంచి రెండు రాళ్ళు వదిలి పట్టారో, మూడోదానికి ఎవరు మేడంను గడువడిగి తొట్టిలో మట్టిని తూకం వేసి నెలన్నర ఆగారో, ఒక్కొక్క వీడియో తీసి పెద్దల ముక్కు కిందికి తోసింది. ఒకచోట వీడియోలో ఎవరో తాతయ్య, "ఒరే, నేను డెబ్బై ఏళ్ళు ఇది తప్పుగానే అనుకున్నానురా" అని పగలబడి నవ్వుతున్నాడు. బెంచీ మీది వాళ్ళు ఒక్కొక్కరే లేచొచ్చి బల్ల చుట్టూ మూగారు. ఒకావిడ, "అది మా వాడే, మా వాడే" అని పక్కావిడ భుజం పట్టి ఊపేసింది. పెద్దమేడం కళ్ళజోడు సవరించుకుని ఒక వీడియో రెండోసారి పెట్టించుకుంది.

పెద్దమాస్టారు కుర్చీలోంచి లేవలేదు. వింటున్నారు. పిల్లలు తప్పు చెబుతున్నారు, దిద్దుకుంటున్నారు, మళ్ళీ చెబుతున్నారు. ఒక్క గొంతులోనూ బెరుకు లేదు. నలభై ఏళ్ళ తన తరగతుల్లో ఆ చప్పుడు ఆయన ఎప్పుడైనా విన్నారా?

"నలభై అయ్యింది," అంది టీచరమ్మ.

విప్పి ఉన్న గ్లాసు వంచింది. నీళ్ళు. అందులో కందిగింజంత ఐసు, చూస్తుండగానే అదీ మాయమైంది.

మఫ్లర్ విప్పింది. గ్లాసు ఊపింది. లోపల ఖణఖణమంది. మూడు ముక్కలు, అంచులు అరిగి, మూడూ ఉన్నాయి.

డిపో ఆయన గ్లాసు లాక్కుని లోపల వేలు పెట్టి చూశాడు. వేలు తీసి మఫ్లర్ వైపు చూశాడు.

"ఆ మఫ్లర్లో ఏదో ఉంది," అన్నాడు.

"మీ డిపోలోనూ ఉంది సార్," అంది కుట్టుమిషనామె.

అంతవరకూ నోరు విప్పని మనిషి. అందరూ తిరిగి చూశారు.

"నా మిషను మీ డిపో పక్కనే కదా. రోజూ పొద్దున చూస్తూనే ఉంటాను. రంపపు పొట్టు బస్తాలకెత్తి ఐసు ఫ్యాక్టరీకి పంపుతారు. ఐసు దిమ్మెల మీద కప్పడానికే కదా తీసుకెళ్ళేది. పొట్టు కప్పితే కరగదని మీకు తెలుసు, దుప్పటి కప్పితే కరుగుతుందంటారేం? ఐసుకు మీ పొట్టంటే ప్రేమా, మా దుప్పటంటే కోపమా?"

ఈసారి గది నవ్విన నవ్వుకు అద్దాల బీరువాలో కప్పులు కదిలాయి. తలూపే మెంబరు కూడా ఆపుకోలేక నవ్వి, ఆనక దగ్గినట్టు నటించాడు. ఇరవై ఏళ్ళుగా రంపపు పొట్టు పంపుతున్న మనిషి, అది ఎందుకు పోతోందో ఒక్కనాడూ ఆలోచించని మనిషి, పిల్లలకు ఏం నేర్పాలో తేల్చడానికి అధ్యక్షుడై కూర్చున్నాడు. మన కమిటీలన్నీ ఇంతే.

"దుప్పటి వేడి ఇవ్వదు మామయ్యా," అంది టీచరమ్మ. గెలిచిన గొంతు కాదది, పాఠం చెప్పే గొంతు. "ఉన్న వేడిని అటూ ఇటూ దాటనివ్వదు, అంతే. మన ఒంటి వేడి బయటికి పోనివ్వదు కాబట్టి మనకు వెచ్చన. బయటి వేడిని లోపలికి రానివ్వదు కాబట్టి మంచుకు చల్లన. 'వెచ్చని దుప్పటి' అన్న మాటలో ఉంది తప్పు, దుప్పటిలో లేదు."

పెద్దమాస్టారు లేచారు. బల్ల దాకా నడిచి, డిపో ఆయన ముందున్న అసలు కాగితం తీసుకున్నారు. పెన్ను అడిగి, ఏడో వాక్యం మీద అడ్డంగా గీత గీశారు. గీసి, ఆ గీత వంక చూస్తూ నిలబడ్డారు.

"మాట," అన్నారు. "నలభై ఏళ్ళు మాటలే చెప్పాను. మాటే నన్ను మోసం చేసింది." "నా తరగతిలో తప్పు పడనివ్వలేదు. అందుకే నా తప్పు నాకు చూపించే ధైర్యం ఒక్కడికీ రాలేదు. ఆఖరికి కన్నకొడుక్కి కూడా."

కాగితం రెండుగా చించారు. నాలుగుగా చించారు. ముక్కలు జేబులో పెట్టుకున్నారు, నేల మీద వేయలేదు.

"రాసిన శ్రేయోభిలాషిని నేనే. ఉపసంహరించుకుంటున్నాను. పెద్దమేడం, ఆ ముక్క రాసుకోండి." కోడలి వైపు తిరిగారు. "అమ్మాయ్, ఆ గదిలో నన్నూ చేర్చుకుంటావా?"

టీచరమ్మ కంటే ముందు నస అందుకుంది.

"చేరాలంటే ముందు ఒక తప్పు పెట్టాలి తాతగారూ. రూలు."

"పెట్టాను కదమ్మా. ఏడోది."

ఎవరు మొదలెట్టారో గాని చప్పట్లు. బెంచీ వైపు నుంచి మొదలై బల్ల దాకా వచ్చాయి. కుట్టుమిషనామె కూతురి తల మీద చేయి వేసింది, ఇంతసేపూ గిల్లిన చేయే.

డిపో ఆయన టైపు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎంతైనా వ్యాపారస్తుడు, ఎక్కడ తగ్గాలో తెలుసు.

"సరే టీచరమ్మా. మీ గ్రూపు మీరు నడుపుకోండి. పదో తరగతి మీదే. మేం అడ్డు రాం. మీటింగు ముగిసింది." కుర్చీ వెనక్కి జరిపాడు.

అందరూ లేచారు. టీచరమ్మ లేవలేదు.

"ముగియలేదు సార్. కూర్చోండి."

"ఇంకేముంది? గెలిచారుగా."

"గెలవడానికి రాలేదు. క్లాసులో ముప్పై ఎనిమిది మంది. పదకొండు మంది ఇళ్ళలో ఈ గ్రూపు తెరిచే ఫోను లేదు. పొద్దున ఏడింటికి పక్కింటి కిటికీ కింద నిలబడి నా మాట వింటున్నారు. తప్పు పట్టుకున్నాక పెట్టడానికి ఇంకొకళ్ళ చేయి పట్టుకుని బతిమాలుతున్నారు. ఇందాక మీరు చూసిన వీడియోల్లో ఆ పదకొండు మందివి ఎన్నున్నాయి? ఒక్కటీ లేదు. ఇప్పుడు నాకు అడ్డు రానంటున్నారు. వాళ్ళకు అడ్డంగా ఉన్న తాళం సంగతేమిటి?"

"ఏ తాళం?"

"మేడ మీద కంప్యూటరు గదిది. పద్నాలుగు కంప్యూటర్లు. తనిఖీకి పెద్దలొచ్చిన రోజు గుడ్డలు తీస్తారు, వాళ్ళు వెళ్ళగానే కప్పేస్తారు. పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయని తాళం, తాళంచెవి మీ జేబులో. ముట్టుకోక ఇప్పటికే ఆరు పాడయ్యాయి."

డిపో ఆయన పెద్దమేడం వైపు చూశాడు. పెద్దమేడం మినిట్స్ పుస్తకంలోకి చూసింది.

"అది పాలసీ విషయం," అన్నాడాయన. "వచ్చే మీటింగులో పెడదాం."

తలూపే మెంబరు తలూపాడు, ఊపి, ఎందుకో ఆగిపోయాడు. లేచినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ బెంచీ మీద కూర్చుంటున్నారు. కుట్టుమిషనామె అందరికంటే ముందు కూర్చుంది. పెద్దమాస్టారు తన కుర్చీని లాక్కొచ్చి కోడలి పక్కన వేసుకున్నారు.

టీచరమ్మ మినిట్స్ పుస్తకం తీసి డిపో ఆయన ముందుకు తోసింది.

"వచ్చే మీటింగు మీకు నెల తరువాత. వాళ్ళకు రేపు పొద్దున ఏడింటికి. నెలరోజుల పాటు ఏ కిటికీ కింద నిలబడమంటారు? రాయండి సార్. ఇవాళ మధ్యాహ్నం బెల్లు కొట్టేలోగా ఆ గది తెరవాలి. రోజూ పొద్దున ఆరున్నర నుంచి సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉంచాలి. ఫోను లేని పిల్లలు ముందు కూర్చోవాలి, ఉన్నవాళ్ళు తరువాత. పాడైన ఆరూ వారంలో బాగుచేయించాలి. తలుపు మీది 'ముట్టుకోవద్దు' బోర్డు మీ చేత్తో మీరే పీకాలి. ఇది రాసి సంతకం పెట్టేదాకా ఈ గదిలోంచి ఎవరమూ కదలం. ముందు జేబులోంచి ఆ తాళంచెవి తీసి ఇక్కడ బల్ల మీద పెట్టండి."